అర్థమైంది సార్

నేను ఒక మైకును. నన్ను చేతిలోకి తీసుకోగానే మనుషులు చేసే మొదటి పని నా నెత్తిన రెండు మొట్టికాయలు వేయడం. ఆ తర్వాత 'హలో, హలో, మైక్ టెస్టింగ్' అంటారు. తమ దగ్గర చెప్పడానికి ఏమైనా ఉందా లేదా అన్నది పరీక్షించుకోరు గానీ, నాకు వినపడుతోందా లేదా అన్నది మాత్రం ప్రతిసారీ పరీక్షిస్తారు. ఇప్పుడు నాకు ఆ బాధ లేదు. సత్తన్న సౌండ్ దుకాణంలో తెగిన వైర్ల కింద, తుక్కు బుట్టలో, సొట్టపోయిన తలతో పడి ఉన్నాను. గుర్తు చేసుకోవడానికి కావలసినంత తీరిక దొరికింది.

పట్నంలో ఒక ఇరుకు కార్ఖానాలో పుట్టాను. ఒక పలచటి పొర, దాని వెనక తీగచుట్ట, అయస్కాంతం, పైన ఇనుప జాలీ. నా ఒళ్లంతా అంతే. మాట తగిలితే పొర వణుకుతుంది, ఆ వణుకే పెద్ద గొంతై బయటికి వస్తుంది. మొదట నన్ను ఒక భజన మండలి వాళ్లు కొన్నారు. ముందు ఎవరు పాడాలన్న పంతంతో ఆ మండలి కాస్తా రెండు ముక్కలైంది. దేవుడి సంగతి ఎవరికీ గుర్తులేదు. అలా నేను పత్తి మిల్లుల ఊళ్లో ఉన్న సత్తన్న చేతికి వచ్చాను. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, ఎన్నికలు, సంతాప సభలు అన్నీ చూశాను. బతికి ఉన్నప్పుడు తిట్టిన నోరే పోయాక పొగుడుతుంటే విని ఊరుకున్నాను. నా పని మాట పెంచడమే, నిజం తేల్చడం కాదు.

సత్తన్న దుకాణం వెనక గదిలో భూదేవి కుటుంబం అద్దెకు ఉండేది. మధ్యలో ఉన్నది పేరుకే గోడ. అరలో ఉన్న నాకు వాళ్లింట్లో పోపు చిటపటలు కూడా వినిపించేవి. భూదేవి జిన్నింగు మిల్లులో, అంటే పత్తి నుంచి గింజను వేరుచేసే మిల్లులో పనిచేసేది. ఆ యంత్రాల హోరులో పక్క మనిషిని పిలవాలన్నా కేక వేయాలి. అందుకే మిల్లు ఆడవాళ్లు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడతారు. చెవులు పోకుండా అక్కడి దూదినే ఉండలు చేసి చెవుల్లో కుక్కుకుంటారు. ఊరందరికీ దూది దీపం ఒత్తులకు పనికొస్తే వాళ్లకు అందుకు పనికొచ్చేది.

భూదేవి పెద్ద కూతురు రవళి. ఆ పిల్లకు కాగితం మీది అక్షరాలు ఒకచోట నిలిచేవి కావు. రాయమంటే ఒత్తులు ఒక దారి, దీర్ఘాలు ఒక దారి పట్టేవి. కానీ చెవిన పడిన మాట మాత్రం మళ్లీ బయటికి పోయేది కాదు. బడిలో వనజ టీచరు ఈ సంగతి కనిపెట్టింది. పాఠాలు తానే చదివి భూదేవి ఫోనులో రికార్డు చేసి పెట్టింది. రోజూ సాయంత్రం గోడకవతల ముందు టీచరు గొంతు, వెనకే రవళి గొంతు. టీచరు ఊపిరి తీసుకున్నచోట ఈ పిల్ల కూడా ఆగి ఊపిరి తీసుకునేది.

ఒక పంద్రాగస్టు నాడు నన్ను బడికి అద్దెకు తీసుకుపోయారు. పిల్లలందరూ వణికే కాగితాలు పట్టుకుని, అందులోంచి తలెత్తకుండా చదివారు. రవళి ఒట్టి చేతులతో వచ్చింది. నన్ను రెండు చేతులా పట్టుకుంది. నెత్తిన కొట్టలేదు. తడబడకుండా మాట్లాడి దండం పెట్టి దిగిపోయింది. నా బతుకులో నేను ఇష్టంగా మోసిన గొంతు అదొక్కటే.

అప్పట్లో నూరు మార్కుల్లో ఎనభై రాత పరీక్షకు. మిగతా ఇరవై బడి చేతిలో ఉండేవి. పిల్లలు నోటితో చెప్పినదానికి, చేత్తో చేసి చూపినదానికి అవి వేసేవారు. రవళి ఆ ఇరవై పట్టుకునే ఒక్కో తరగతి దాటుతూ వచ్చింది. తొమ్మిది అయిపోయిన వేసవిలో వనజ టీచరుకు బదిలీ అయింది. పోయేముందు ఇంటికి వచ్చి భూదేవితో చెప్పిన మాట నేను విన్నాను.

"నీ బిడ్డ మొద్దు కాదమ్మా. చెవులతోని చదువుతది. పదో తరగతిల ఇసొంటి పిల్లలకు ఒక సౌలత్ ఉంటది. తల్లిదండ్రుల మీటింగుల అడుగు. మర్చిపోకు."

మర్చిపోయే వీలు భూదేవికి లేదు. లారీ నడిపే ఆమె భర్త మల్లేశు ఇంటికి వచ్చినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు. పాసైతే చదువు, ఫెయిలైతే మిల్లు. మిల్లంటే ఏమిటో భూదేవికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బళ్లు తెరిచిన కొన్నాళ్లకు ఆ మీటింగు పెట్టారు. మార్కుల పద్ధతి మారిందట. తల్లిదండ్రులకు అవగాహన కల్పించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందట. జరిగినట్టు ఫొటో కూడా పంపాలట. సత్తన్న నన్నూ నాలుగు స్పీకర్లనూ తెచ్చి హాలు నాలుగు మూలలా అమర్చాడు. మిల్లు మనుషులు, హమాలీలు, కూరగాయలమ్మేవాళ్లు కూలి మానుకుని వచ్చి కూర్చున్నారు. వాళ్లలో ఒకాయన తన కొడుకు కార్డు మీద ఏళ్ల తరబడి పడుతున్న బి2 అన్న గ్రేడును కూర్చునే బెంచీ నంబరు అనుకున్నాడట. బెంచీ మార్చమని అడగడానికి వచ్చాడు.

హెడ్మాస్టరు చెడ్డ మనిషి కాదు. నన్ను రెండు మొట్టికాయలు మొట్టి, పైనుంచి వచ్చిన కాగితం తీసి చదివాడు. ప్రతి విద్యార్థికీ తనదైన అభ్యసన శైలి ఉంటుందని చదివాడు. కొందరు చూసి నేర్చుకుంటారు, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారు, తల్లిదండ్రులు దానిని గుర్తించవలెనని చదివాడు. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఎలా నేర్చుకుంటారో ఆ కాగితంలో లేదు. ఆ తర్వాత, ఈ ఏడు నుంచి గ్రేడ్లు లేవు, అంతర్గత మూల్యాంకనం రద్దు, నూటికి నూరూ లిఖిత పరీక్షయే అని చదివాడు. పిల్లలు రకరకాలుగా నేర్చుకుంటారని చెప్పిన నోటితోనే, అందరూ ఒకే రకంగా చూపించాలని కూడా చెప్పాడు. ఆయనకు ఆ తేడా తట్టలేదు. చదివేవాడికి గుక్క తిప్పుకోవడమే గొప్ప.

చిట్టచివర ఒక వాక్యం వచ్చింది. "వ్రాతపరమైన అభ్యసన వైకల్యము గల విద్యార్థులకు లేఖక సహాయమును పొందగోరు తల్లిదండ్రులు నిర్ణీత గడువులోగా ధ్రువపత్రముతో దరఖాస్తు చేసుకొనవలెను." ఇంతకూ దాని అర్థం చిన్నది. రాయలేని పిల్ల నోటితో చెబుతుంటే పక్కన కూర్చుని రాసిపెట్టడానికి ఒక మనిషిని ఇస్తారు, కాకపోతే డాక్టరు కాగితం తెచ్చి ముందే అడగాలి. వనజ టీచరు చెప్పిన సౌలత్ అదే. రవళి బతుకంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. అది కాస్తా నా జాలీలోంచి దూరి, నాలుగు స్పీకర్లలోంచి దూకి, ఎవరికీ తగలకుండా కిటికీలోంచి బయటికి పోయింది.

భూదేవికి మాత్రం అందులో ఏదో తగిలింది. చెయ్యెత్తింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. డ్రిల్లు మాస్టరు నన్ను ఆమె దగ్గరికి తీసుకువచ్చాడు. దగ్గరలో ఉన్న స్పీకరు కుయ్యిమని అరిచింది. హాలంతా తల తిప్పింది. "సార్, మా బిడ్డ" అందామె. ఆ మాటే నాలుగు మూలల నుంచీ పెద్దదై వచ్చి ఆమె మీద పడింది. యంత్రాల హోరును దాటి కేక వేయగల మనిషి, తన గొంతు తనకే పరాయిదై వినపడేసరికి బిక్కచచ్చిపోయింది. ఇంకొక్క మాట అనమని నా పొరంతా బిగబట్టుకుని ఎదురుచూశాను.

"ఏం లేదు సార్. అర్థమైంది."

ఆమెకు ఒక్క ముక్క అర్థం కాలేదని ఆ హాల్లో నాకొక్కడికే తెలుసు. తర్వాత హెడ్మాస్టరు అందరికీ అర్థమైందా అని అడిగాడు. అర్థమైంది సార్ అని హాలంతా ఒక్క గొంతుతో అంది. లేదన్నవాడి చేతికి నేను వస్తానని వాళ్లందరికీ తెలుసు. బెంచీ మార్చమందామని వచ్చినాయన కూడా అర్థమైందనే అన్నాడు. ఫొటో తీశారు. అందులో అందరికంటే నేనే బాగా పడ్డాను.

ఆ ఏడాది గోడకవతల టీచరు గొంతు లేదు. కొత్త పాఠాలు చదివి పెట్టేవాళ్లు లేక, రవళి తొమ్మిదో తరగతి పాఠాలనే మళ్లీ మళ్లీ వినేది. పరీక్షలయ్యాయి. ఫెయిలయింది. మళ్లీ రాయొచ్చు కదా అన్నారు అందరూ. రాయడమే కదా ఆ పిల్లకు రానిది. పత్తి సీజను మొదలవగానే మల్లేశు అన్న మాట ప్రకారం కూతుర్ని మిల్లులో చేర్చాడు. మొదటి రోజు భూదేవి తన చేత్తో దూది ఉండలు చేసి ఆ పిల్ల చెవుల్లో పెట్టింది. ఆ చెవులను చూసి వనజ టీచరు ఎంత మురిసిపోయేదో గుర్తొచ్చి నాకు ఏడుపు వచ్చింది. మైకుకు ఏడవడం రాదు, గరగర చప్పుడు వస్తుంది. వైరు పోయిందనుకుని సత్తన్న నన్ను విప్పి చూశాడు.

ఫెయిలయిన ఏడు మీటింగుకు భూదేవి రాలేదు. ఆ పై ఏడు వచ్చింది, చిన్న కూతురు అదే బడిలో ఆరులో చేరింది కాబట్టి. హెడ్మాస్టరు మళ్లీ కాగితం తీశాడు. పద్ధతి మళ్లీ మారిందట. రాతకు ఎనభై, బడి చేతిలో ఇరవై. పాత పద్ధతే, పేరు మాత్రం కొత్తది. పోయిన ఇరవై తిరిగి వచ్చాయని ఆయన సంతోషంగానే చెప్పాడు.

భూదేవి లేచి నిలబడింది. చెయ్యెత్తలేదు, నేరుగా వేదిక దగ్గరికి నడిచి వచ్చి నన్ను తీసుకుంది. స్పీకరు అరిచింది. ఆమె ఆగి, అది సద్దుమణిగాక మాట్లాడింది.

"ముందటేడు గీడనే కూసున్న. సారు చెప్పింది నాకు అర్థం కాలే. మైకును జూసి బుగులువడి, అర్థమైందన్న. రాయరాని పిల్లకు రాసిపెట్టే మనిషిని ఇస్తరట. గది నాకు నా బిడ్డ ఫెయిలై మిల్లుల వడ్డంక ఎరుకైంది. మీకు అర్థం గాకుంటే, కాలేదని అడుగుండ్రి."

ఆమె నన్ను ఇచ్చేసి పోయి కూర్చుంది. హెడ్మాస్టరు ముఖం వాడిపోయింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అర్థం కానివాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఏమీ అనుకోను అన్నాడు. నిజంగానే అన్నాడు. డ్రిల్లు మాస్టరు నన్ను వరసలోకి తీసుకుపోయాడు. ఒకరు నన్ను చూసి పక్కవాళ్ల వైపు తోశారు, వాళ్లు ఆ పక్కకు తోశారు. హాలంతా తిరిగి, ఒక్క మాటా లేకుండా నేను వేదిక మీదికే తిరిగి వచ్చాను. అర్థమైంది సార్ అంది హాలు.

బయట గేటు దగ్గర సత్తన్న నన్ను ఆటోలో పెడుతుంటే, కొందరు ఆడవాళ్లు భూదేవి చుట్టూ మూగారు. అందులో ఒకామె కొడుకు తొమ్మిదిలో ఉన్నాడు, రాయడమంటే పారిపోతాడు. "అక్కా, గా రాసిపెట్టేటోళ్ల ముచ్చట మల్లొక్కసారి చెప్పవా" అందామె. భూదేవి చెప్పింది. వాళ్లు అడిగింది మళ్లీ అడగకుండా కొత్తవి అడుగుతూనే ఉన్నారు. నేను లేనిచోట మనుషులకు అన్ని ప్రశ్నలు వస్తాయని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ సాయంత్రం ఆటోలోంచి దించుతుండగా జారి పడ్డాను. సత్తన్న తిట్టుకుంటూ సొట్టపోయిన నన్ను ఈ బుట్టలో పడేశాడు. గోడకవతల భూదేవి వంట చేస్తూ, మీటింగులో తాను మైకు పట్టుకున్న సంగతి రవళికి చెబుతోంది. చెప్పడం అయిపోయింది. జవాబు రాలేదు.

"ఏందే అమ్మా? నన్నేనా?" అంది రవళి. "జర గట్టిగ చెప్పు."

సీజను అయిపోయి మిల్లు మూతపడి అప్పటికి చాలా కాలమైంది. ఆ పిల్ల చెవుల్లో దూది లేదు. భూదేవి వంట ఆపి, దగ్గరికి పోయి, మిల్లులో వేసినట్టు కేక వేసి మళ్లీ మొదటినుంచి చెప్పింది.