బరువులేని కత్తి

నేను ఒక కత్తిని. వెనక్కి జరగకండి, నాతో వంకాయ కూడా తెగదు. తేలికపాటి తెల్లపొణికి కర్రతో చెక్కి, పైన పల్చటి రేకు తొడిగి, వెండిరంగు పూసిన నాటకాల కత్తిని. కొండపల్లిలో బొమ్మలు చేసే వీరభద్రాచారి నన్ను తయారుచేశాడు. తెనాలిలో నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే కంపెనీవాళ్ళు ఆయనకి చెప్పింది ఒకటే: "చూస్తే గుండె ఝల్లుమనాలి, పట్టుకుంటే ఈకలా ఉండాలి." ఆయన సరిగ్గా అలాగే చేసి ఇచ్చాడు.

చాలా ఏళ్ళు రాజుల చేతుల్లో బతికాను. పగలు ఎరువుల కొట్లో గుమాస్తా, స్టేజీ ఎక్కితే చక్రవర్తి. అలాంటి చక్రవర్తులు నన్ను కళ్ళకద్దుకుని తెర బయటికి అడుగుపెట్టేవారు. పరమేశంగారని ఒకాయన ఎప్పుడూ శత్రురాజు వేషం కట్టేవారు. నా దెబ్బకి ఒరిగిపోతూ ఒక పద్యం అందుకుని, రాగాన్ని ఊపిరి ఉన్నంతవరకూ లాగి, అప్పుడు చచ్చిపోయేవారు. జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్ళు. వెంటనే శవం లేచి కూర్చుని, మీసం సర్దుకుని, హార్మోనియం ఆయనకి సైగచేసి, మళ్ళీ పాడి మళ్ళీ చచ్చేది. ముందు చాపల మీద కూర్చున్న పిల్లలు పడీపడీ నవ్వేవాళ్ళు. నా దెబ్బ తిన్న మనిషి లేస్తాడని వాళ్ళందరికీ తెలుసు. అన్ని హత్యలు చేసి కూడా నేను పెట్టెలో హాయిగా నిద్రపోయేదాన్ని.

తర్వాత నాటకాలు తగ్గాయి. కంపెనీ యజమానురాలు భ్రమరాంబగారు నన్ను కిరీటాల పక్కన మేకుకి తగిలించారు. బూజు పట్టిన చాలా కాలానికి ఒక రోజు జుట్టుకి బంగారు రంగేసుకున్న కుర్రవాడొకడు వచ్చాడు. ధీరు అని పేరట, పాటలు కట్టి పాడతాడట.

"ఏం నాటకం బాబూ?" అని అడిగారు భ్రమరాంబగారు.

"నాటకం కాదు మామ్మగారూ, వీడియో సాంగ్. ఫోన్లలో వస్తది."

"పద్యాలుంటాయా?"

"ర్యాప్ ఉంటది."

ఆవిడకి అర్థం కాలేదు. రేకు సొట్టపోకుండా తెచ్చివ్వమని మాత్రం చెప్పారు. అదే వీధిలో ఆటో నడిపే గోవర్ధన్ నన్నూ డ్రెస్సుల పెట్టెనీ ఊరి బయట ఇటుకబట్టీ దాకా తీసుకెళ్ళాడు. షూటింగ్ చూడాలని సాయంత్రం దాకా అక్కడే ఉండిపోయాడు.

పాటలో కథ చిన్నదే. అందరూ నవ్వులపాలు చేసిన ఒక కుర్రవాడు కత్తి పట్టి 'అన్న' అవుతాడు. పుట్టినరోజు నాడు కత్తితోనే కేకు కోసి, అదే కత్తిని తల చుట్టూ రెండుసార్లు తిప్పి, ఒకప్పుడు తనని చూసి నవ్వినవాడి మెడ మీదికి దించుతాడు. ఎర్రటి షర్బత్తు చిమ్ముతుంది. అందరూ ఆ కుర్రవాడి కాళ్ళ మీద పడతారు. మెడ తెగినవాడు కెమెరా ఆగగానే లేచి, షర్బత్తు కడుక్కుని బిర్యానీ పొట్లం విప్పాడు. ఆ లేవడం వీడియోలో లేదు. పైగా నేను దిగేటప్పుడు 'ఖణేల్' మని ఒక చప్పుడు కలిపారు. పొణికి కర్ర జన్మలో ఖణేలుమనదు. అయినా గోవర్ధన్ ఫోన్లో నన్ను నేను చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

పాట మీద పెద్ద గొడవ జరిగింది. పిల్లలు చెడిపోతారని కొందరు కేసు పెట్టారు. టీవీలో నలుగురు కూర్చుని ఒకరి మాట ఒకరికి వినబడకుండా అరిచారు. చూసేవాళ్ళకి బుర్ర ఉండదా, ఇది వట్టి వినోదం అన్నాడు ధీరు. తిట్టిన వాళ్ళంతా ఏం తిట్టాలో తెలుసుకోవడానికి మరోసారి చూశారు, దాంతో పాట ఇంకా పాకింది. అన్యాయంగా మాట్లాడకూడదు, చూసినవాళ్ళలో చాలామంది కాలు ఆడించి తమ పని తాము చూసుకున్నారు. వాళ్ళకేమీ కాలేదు.

కానీ గోవర్ధన్‌కి తరుణ్ అని తమ్ముడున్నాడు. ఇంటరు చదువుతున్నాడు. వాళ్ళ నాన్న పోయినప్పటినుంచి ఆ పిల్లాడికి నోట మాట లేదు. కాలేజీ బస్సులో కొందరు రోజూ అతని బ్యాగు లాక్కుని, ఒకరికొకరు విసురుకుంటూ ఏడిపించేవాళ్ళు. ఇంట్లో ఎవరికీ చెప్పేవాడు కాదు. దుప్పటి కప్పుకుని ఆ పాట చూసేవాడు, అయిపోతే మళ్ళీ మొదటినుంచి పెట్టేవాడు. నవ్వులపాలైన వాడి కాళ్ళ మీద అందరూ పడే చోటు అతనికి ప్రపంచంలో ఆ పాట ఒక్కటే.

ఒకరోజు తనంతట తానే నోరు విప్పాడు.

"అన్నా, నువ్వెళ్ళావు గదా, అది నిజం కత్తేనా?"

తమ్ముడు మాట్లాడాడన్న సంతోషంలో గోవర్ధన్ ఉన్నదీ లేనిదీ కలిపేశాడు. "నిజందేరా! పట్టుకుంటే నా చెయ్యి పడిపోయిందనుకో. ధీరు గాబట్టి తిప్పాడు."

తరుణ్ నవ్వాడట. ఎన్ని నెలలకో నవ్వాడట. ఇదంతా గోవర్ధన్ తర్వాత భ్రమరాంబగారి ముందు కూలబడి ఏడుస్తూ చెబుతుంటే, మేకుకి వేలాడుతూ విన్నాను.

తరుణ్ పుట్టినరోజుకి కేకు తెచ్చిన స్నేహితుడు సుభాని ఒక్కడే. ఎడమచేత్తో స్పిన్ వేస్తాడు, కాలేజీ టీములో వాడి బంతి ఆడటానికి పెద్దవాళ్ళు కూడా తడబడేవాళ్ళు. ఇద్దరూ గ్రౌండు వెనక చేరి, ఫోను ఇటుకకి ఆనించి, పాట పెట్టుకున్నారు. తరుణ్ కొబ్బరిబొండాల బండి మీంచి కత్తి తెచ్చాడు. కేకు కోశాడు. శత్రువు వేషానికి సుభాని తనే ఒప్పుకున్నాడు, మెల్లగా తిప్పరా అని నవ్వాడు కూడా. తరుణ్ తల చుట్టూ రెండుసార్లు తిప్పి దించాడు. నాకు బరువు లేదు కాబట్టి ధీరు నన్ను మెడ దగ్గర ఆపగలిగాడు. బొండాల కత్తికి బరువుంది. అది ఆగలేదు. సుభాని ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు.

చెయ్యి ఉంది. డాక్టర్లు కుట్టి నిలబెట్టారు. వేళ్ళే ముడుచుకోవడం లేదు. తరుణ్‌ని పోలీసులు తీసుకెళ్ళారు, కొన్నాళ్ళు పిల్లల హోములో ఉంచారు. అక్కడినుంచి ఇంటికొచ్చాక తరుణ్ అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోతుంటే, గోవర్ధన్ ఉండబట్టలేక భ్రమరాంబగారినడిగి నన్ను తీసుకెళ్ళాడు. తమ్ముడి చేతిలో పెట్టాడు.

బరువైనది అందుకోబోయినట్టు తరుణ్ చెయ్యి బిగించాడు. నేను గాల్లోకి లేచిపోయాను. రేకు ఊడినచోట గోటితో గీకి కర్ర చూశాడు.

"బరువుందన్నావ్ గదన్నా," అన్నాడు.

గోవర్ధన్ గడప మీద కూర్చుండిపోయాడు. నాకైతే ఆ క్షణమే పొయ్యిలోకి పోవాలనిపించింది. అబద్ధం నా నోటితో చెప్పలేదు, నిజమే. కానీ నేను పుట్టిందే నిజంలా కనబడటానికి. చాపల మీద పిల్లలకి నా గుట్టు తెలుసు గనక నా వల్ల ఎవరికీ చెడు జరగలేదు. దుప్పటి కింద ఒంటరిగా చూసే పిల్లాడికి ఆ గుట్టు చెప్పేవాళ్ళు లేరు.

మర్నాడు తరుణ్ నన్ను పట్టుకుని సుభాని ఇంటికి వెళ్ళాడు. సుభాని తల్లి తలుపుకి అడ్డంగా నిలబడింది. లోపలినుంచి "రానియ్యి అమ్మీ" అని వినబడ్డాక పక్కకి జరిగింది గాని, అతని మొహం చూడలేదు.

"ఇది చెక్కరా," అన్నాడు తరుణ్. "నాకు తెలీదురా. నిజంగా తెలీదు." ఇంకేమో చెప్పబోయి ఏడ్చేశాడు.

సుభాని చాలాసేపు నన్నే చూశాడు. "ఏదీ, ఇటివ్వు," అని చెయ్యి చాపాడు. అలవాటు కొద్దీ ఎడమచెయ్యే చాపాడు.

తరుణ్ నన్ను ఆ అరచేతిలో పెట్టాడు. నాకంటే తేలికైన కత్తి ఈ జిల్లాలో లేదు. అయినా ఆ వేళ్ళు ముడుచుకోలేదు. జారి నేలమీద పడ్డాను. ఖణేలుమనలేదు, టపుక్కుమన్నాను.

తర్వాత సుభాని అన్నాడు:

"ఇంకోసారి ఇవ్వరా."

ఇన్నేళ్ళకి నాకు మళ్ళీ వన్స్ మోర్ వినబడింది. పరమేశంగారిలా లేచి నిలబడటం నా చేతుల్లో లేదు. తరుణ్ వంగి నన్ను తీసి, అదే చేతిలో పెట్టాడు.

మళ్ళీ పడ్డాను.

నన్ను వెనక్కి తెమ్మని భ్రమరాంబగారు అడగలేదు. సుభాని మంచం పక్కనే గోడకి ఆనుకుని ఉంటున్నాను. ధీరు కొత్త పాట వచ్చిందట, ఇందులో తుపాకీ ఉందట. అదీ చెక్కదే అయ్యుంటుంది. ఆ సంగతి ఎవరైనా పిల్లలకి చెబితే బాగుండు. సాయంత్రమైతే తరుణ్ వస్తాడు, నన్ను తీసి ఆ చేతిలో పెడతాడు. పడితే తీస్తాడు. వాడు తలుపు తోసిన చప్పుడు వినబడగానే, ఈ కాస్త బరువు కూడా లేకపోతే బాగుండునని కోరుకుంటాను.