సోమవారం రాత్రి భోజనం లేదు

వెంకటసుబ్బారావుకి ఒక అనుమానం నలభై ఏళ్ల నుంచీ ఉంది. బెజవాడ గవర్నర్‌పేటలో వాళ్ల నాన్న రత్తయ్యగారు పెట్టిన భోజన హోటలుకి సోమవారం రాత్రి సెలవు. బయట బోర్డు మీద ఆ ముక్క ఇప్పటికీ ఉంది. శివుడికి ప్రీతని జనం అనుకుంటారు. కాదు, అరవై అయిదులో యుద్ధమొచ్చి, తిండిగింజలు కరువై, వారానికో పూట మానమని ప్రభుత్వం అడిగితే మొదలుపెట్టారని అమ్మ చెప్పేది. మరి యుద్ధమూ ముగిసింది, కరువూ పోయింది, ఆ పూట మాత్రం తిరిగి మొదలవలేదు. అది సర్కారు మాట కోసమా, స్వామి కోసమా? నాన్నని అడిగితే "సోమవారం గదరా" అని ఊరుకునేవాడు. ఆయన పోయాక సుబ్బారావు కూడా ఆ పస్తు వదల్లేదు. మల్లేశ్వరస్వామికి దణ్ణం పెట్టుకుని, మంచినీళ్లు తాగి పడుకునేవాడు. అయినా లోపల చిన్న ముల్లు. ఎవరికిస్తున్నామో తెలియకుండా ఇస్తే చేరుతుందా అని.

ఈ వేసవిలో రోడ్డు వెడల్పు చేస్తామంటూ కార్పొరేషన్ వాళ్లొచ్చి గోడల మీద ఎర్రగీతలు గీసి పోయారు. సుబ్బారావుకి ఏడడుగులు పోతాయి. అంటే హోటలు ముందున్న అరుగు మొత్తం. అదే రోజుల్లో సరిహద్దులో కాల్పులు జరుగుతున్నాయి. వ్యాపారుల మీటింగులో సగం మంది కోర్టుకి పోదామన్నారు. సుబ్బారావు కొడుకు సిద్ధార్థదీ అదే మాట. కానీ ఆ రోడ్డు మీద అంబులెన్సు ఇరుక్కుపోయి కూతపెట్టడం సుబ్బారావు ఎన్నిసార్లు చూశాడో. పైగా పైవాళ్లు అడిగితే కాదనడం వాళ్లింటా వంటా లేదు. లేచి నిలబడి, అక్కడ పిల్లలు ప్రాణాలిస్తుంటే మనం ఏడడుగులు ఇవ్వలేమా, నా అరుగు నేను ఇచ్చేస్తున్నా అన్నాడు. చప్పట్లు పడ్డాయి. తండ్రికి తగ్గ కొడుకుననిపించుకున్నానని దారిపొడుగునా పొంగిపోయాడు.

ఆ అరుగు మీద పేరమ్మ పూలమ్ముతుంది. ముప్పై ఏళ్లయింది. మర్నాడు పొద్దున్నే దేవుడి పటానికి రోజూ ఇచ్చే మూర చేతికిచ్చి, కళ్లెత్తకుండా అంది:

"దేశానికి ఇచ్చేశారంట గదా బాబుగారూ, నా చోటు."

ఆ మాట చురుక్కుమంది. అరుగు నాది, దస్తావేజు నా పేరున ఉంది అని తనకి తాను చెప్పుకున్నాడు. మనసు ఒప్పలేదు. ఒప్పుకోలు కాగితం శుక్రవారం లోపల సంతకం పెట్టి ఇవ్వాలి. పెడితే పేరమ్మ నిజంగానే రోడ్డున పడుతుంది. పెట్టకపోతే నలుగురిలో అన్న మాట పోతుంది. కాగితం గురువారం దాకా బల్ల సొరుగులోనే ఉంది.

గురువారం పదకొండింటికి ఒక పెద్దాయన ఆటో దిగి, గోడమీద ఎర్రగీతని చేత్తో తడిమి చూసి లోపలికొచ్చాడు. అవనిగడ్డ వైపు ఊరు, పేరు హనుమయ్య, లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. అరవై అయిదులో బెజవాడ కాలేజీలో చదువుకుంటూ ఈ హోటల్లోనే నెల భోజనం కట్టి తిన్నాడట. పడగొడతారని తెలిసి, ముందే ఒకసారి చూసిపోదామని వచ్చాడట. సుబ్బారావుకి ప్రాణం లేచొచ్చింది. కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చి, నలభై ఏళ్ల అనుమానం ఆయన ముందు పెట్టేశాడు.

హనుమయ్య నవ్వాడు. యుద్ధం అయిపోయిందిగా తెరవండి అని తర్వాత కుర్రాళ్లే అడిగారట. స్వామితో చెప్పేశాను, ఇచ్చింది తిరిగి ఎట్లా అడగను అన్నారట రత్తయ్యగారు. ఆ సంగతి తోటి కుర్రాడొకడు ఉత్తరం రాస్తే తెలిసిందట.

అయితే రెండూనన్నమాట. సుబ్బారావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. పెద్దాయన ఇంకా ముగించలేదు.

"అసలు సంగతి అది కాదబ్బాయ్. రేడియోలో విన్న వారమే మీ నాన్న మూసెయ్యలేదు. నెల భోజనం కట్టిన వాళ్లం పద్దెనిమిది మందిమి. ఒక్కొక్కళ్లనీ అడిగాడు. నా పూట నేను మానతా, మీ పూట మాన్పించడానికి నేనెవణ్ణి అన్నాడు. మిగతా అందరూ ఒప్పుకున్నారు. నేను కుదరదన్నాను. నాలుగు సోమవారాలు ఆయన పస్తుండి, మీ అమ్మగారి చేత వండించి నాకు పెట్టాడు. అయిదో వారం సిగ్గేసి నేనే వద్దన్నాను. 'సరే, ఇది నీకు బాకీరా, ఎప్పుడైనా వచ్చి తిను' అన్నాడు. ఆ వారమే నా చదువు గుంటూరుకి మారింది."

సుబ్బారావు లేచాడు. కాస్త కూర్చోండి మాస్టారూ అని బయటికి వెళ్లాడు. పేరమ్మ బుట్ట పక్కన, అరుగు మీద చతికిలబడ్డాడు. అడక్కుండా ఇచ్చేశాను, తప్పయింది, ఇప్పుడు అడుగుతున్నాను, నువ్వు వద్దంటే సంతకం పెట్టను అన్నాడు.

పేరమ్మ కడుతున్న దండ ముడి బిగించింది. కోడలికి నొప్పులొస్తే ఈ రోడ్డు మీదే ఆటో గంటసేపు ఆగిపోయిందని, రోడ్డు వద్దని తను మాత్రం ఎందుకంటుందని చెప్పింది.

"అడిగితే నేను కాదంటానా బాబుగారూ? నన్ను కూడా ఇవ్వనివ్వొద్దా?"

లోపల మొదటి టేబులు తీసేసి, గల్లాపెట్టె పక్కన రోడ్డు కనపడేట్టు చోటిస్తానన్నాడు. మల్లెల వాసనకి మీ సాంబారు వాసన తేలిపోతుంది చూసుకోండి అని ఆవిడ హెచ్చరించింది.

సుబ్బారావు వచ్చి సంతకం పెట్టాడు. కింద తన దస్తూరీతో ఒక వాక్యం రాశాడు: "ఈ వీధి అరుగుల మీద బతికేవాళ్లని కూడా ఒక మాట అడగండి, అడిగితే ఇస్తారు." పైవాళ్లు అది చదువుతారో లేదో తెలియదు. యుద్ధకాలంలో కూడా నాన్న అడగగలిగాడంటే, రోడ్డుకి అడగలేరా అనిపించింది. సిద్ధార్థ ఆ వాక్యం చదివి, టేబులు జరపడానికి వెళ్లాడు. ఈ పెద్దాయన్ని ఈ రోజే పంపించావు తండ్రీ అని సుబ్బారావు మనసులోనే స్వామికి చేతులు జోడించాడు.

తర్వాత తనే అరిటాకు కడిగి వేశాడు.

"రాత్రి పూట బాకీ పగలు తీరిస్తే చెల్లుతుందా మాస్టారూ?"

"ఈ వయసులో రాత్రిళ్లు నాకు అరగదబ్బాయ్. ఇప్పుడే తీర్చు."

వేడన్నం, ముద్దపప్పు, నెయ్యి, గోంగూర, దొండకాయ వేపుడు, మీగడ పెరుగు. ఎవరినీ వడ్డించనివ్వకుండా సుబ్బారావే నిలబడి కొసరి కొసరి వడ్డించాడు. హనుమయ్య తీరిగ్గా తిని, మెతుకు మిగలకుండా ఊడ్చి, ఆకు తనవైపుకి మడిచాడు.