తేలే ఈగ

అల్లాబకాష్ ఆవగింజంత మైనం బొటనవేలి మీదికి తీసుకుని, చూపుడువేలితో మెదిపి, వెచ్చబడ్డాక ఈగ ఈకలకు పైపైన తాకించాడు. చేపల్ని మోసం చేయడానికి కొక్కేనికి కోడి ఈకలు చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగ అది. మైనం తగ్గితే నీళ్లు తాగుతుంది, ఎక్కువైతే ఈకలు అతుక్కుని మునుగుతుంది. డజను కావాలి, ఏడయ్యాయి. నాలుగింటికి ఈ ఇంటి యజమాని, ఇంజనీరు డంకన్ సార్ విమానాశ్రయానికి కారెక్కుతాడు.

"ఊర్లో ఈగలు తోలుకుంటాంటివి. జుబైల్‌కొచ్చి వాటికి తలంట్లు పోస్తాండావే," అన్నాడు కంపెనీ వంటవాడు మహబూబ్ బాషా. ఇద్దరిదీ కడప జిల్లానే కాబట్టి ఆ గేలిలో గేలం లేదు.

సౌదీకొచ్చి పదేళ్లుగా అల్లాబకాష్ సార్ ఇల్లే ఊడుస్తున్నాడు, సార్ బట్టలే ఇస్త్రీ చేస్తున్నాడు. రెండేళ్ల కింద గల్ఫ్ యుద్ధమప్పుడు సైరన్ కూస్తే చాలు, విషవాయువు భయంతో తలుపు సందులకు టేపు అంటించుకుని సార్, అతనూ ఒకే గదిలో కూర్చునేవారు. వణికే చేతులతో ఈగలు కట్టలేక ఆ ఇంజనీరు అప్పుడే ఈగల పెట్టె అతని వైపు జరిపాడు. నేర్పింది చేత్తోనే, నోటితో కాదు. ఆయన దగ్గర మైనమెంతో మౌనమూ అంతే.

నిరుడు మాత్రం పొరపాటు జరిగింది. ఎండకు డబ్బాలో మైనం కారిపోతోందని అల్లాబకాష్ దాన్ని గట్టిగా కలిపాడు. కొళాయి నీళ్లలో వేసి చూస్తే ఈగలు బాతుల్లా తేలాయి. జుబైల్‌లో వేసవిలో కొళాయి తిప్పితే టీ సగం కాగినట్టే. సెలవుల్లో సార్ చేపలు పట్టే స్కాట్లాండు ఏటి చలికి ఆ మైనం పెచ్చులూడి ఈగలన్నీ అడుగుకు చేరాయి. సెలవు నుంచి తిరిగొచ్చిన సార్ ఐసు నీళ్లలో ఒక ఈగను వదిలి, అది మునిగేదాకా చూపించి లేచి వెళ్లాడు. అందుకే ఈసారి మైనంలో నూనె వంతు పెరిగింది.

ఈసారి సార్‌ది సెలవు కాదు, ఫైనల్ ఎగ్జిట్, ఉద్యోగం ముగించి మళ్లీ రాకుండా వెళ్లిపోవడం. ఆయన ఒక లెటర్ రాసిస్తే కంపెనీ అల్లాబకాష్‌ను ఇంకో ఇంటికి మారుస్తుంది. లేకుంటే అతనికీ ఎగ్జిటే. కూతురు ఆసిఫా నర్సు చదువు ఇంకా రెండేళ్లుంది. లెటర్ అడగాల్సిన నాలుగు ఇంగ్లీషు ముక్కలు పొద్దుటి నుంచి అతని నోట్లో నానుతున్నాయి.

మూడున్నరకు పెట్టె అందించాడు. సార్ ఐసు నీళ్ల గిన్నెలో ఒక ఈగను వదిలి వాచీ చూసుకున్నాడు. ఇద్దరూ వంగి చూశారు. ఐదు నిమిషాలు. పది. బయట కారు హారన్ కొట్టింది. ఈగ నీటి మీద నిలబడే ఉంది.

సార్ తలెత్తి, నీకేమైనా కావాలా అని అడిగాడు.

"లిటిల్ వాక్స్ ఓన్లీ, సార్," అన్నాడు అల్లాబకాష్ బొటనవేలు చూపిస్తూ. "టూ మచ్, ఫ్లై సింక్."

సార్ తలూపి, ఆ చేతిని పట్టుకుని ఊపి, వెళ్లిపోయాడు.

"అడిగినావా?" అన్నాడు బాషా, టీ పోస్తూ.

"ఈగ తేల్తాండె బ్బా. దాని ముందర నా గోడు ఏం చెప్పేది?"

మర్నాడే ఆఫీసుకు పిలిచారు. ఎగ్జిట్ కాగితం మీద వేలిముద్ర వేయబోతే మైనం ఇంకిన బొటనవేలికి సిరా పట్టలేదు. గుమాస్తా తుడిచి తుడిచి మూడుసార్లు ఒత్తించాడు. గురువారం విమానం. బాషా గేటు దాకా అతని సామాను పెట్టె మోశాడు.

తిరిగొచ్చి వంటగది సర్దుతుంటే, పొయ్యి వెనక అల్లాబకాష్ టీ గ్లాసు కనబడింది. అడుగున టీ పొడి ఎండిపోయి ఉంది. కొళాయి కింద పట్టాడు. నీళ్లు గ్లాసంతా పరుచుకుని జారాయి, మైనం అంటిన ఒక్క బొటనవేలి ముద్ర ఉన్నంత మేర మాత్రం చుక్క కూడా నిలవలేదు.