ఈడు తిరిగిన డప్పు

పొద్దున్నే రాగి అంబలి పొయ్యి మీద పెట్టి, చిన్నమ్మలు చూరు కింద వేలాడే డప్పుల దుమ్ము దులుపుతుంది. ఆ ఇంట్లో నాలుగు ప్రాణాలు, నాలుగు డప్పులు. ఆమెదొకటి, భర్త సోంబరుదొకటి, పురిటికి వచ్చిన మనవరాలు కనకదొకటి, కనక చంటిపిల్లదొకటి. అరకు పైకొండల్లోని ఆ ఊళ్లో బిడ్డ పుట్టగానే మేకతోలుతో పళ్లెమంత డప్పు కట్టి చూరుకు వేలాడదీస్తారు. ఆ రోజు నుంచి బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటే డప్పు అలా మోగుతుంది, ఎవరూ కొట్టకుండానే. పెద్ద చప్పుడేమీ కాదు. మాటల్లో పడితే మరిచిపోవచ్చు.

ఏ డప్పు ఎవరిదో చెప్పడం కష్టం కాదు. చంటిపిల్లది పేలాలు వేగుతున్నట్టుంటుంది, నిమిషానికి ఇంచుమించు నూట ముప్పై దెబ్బలు. అంత చిన్న గుండె ఒక్కో దెబ్బకు కాస్తంత నెత్తురే తోయగలదు, అందుకే ఆ తొందర. ఊపిరీ అంతే. పెద్దవాళ్లు ఒకసారి పీల్చేలోగా పసిదానికి రెండు మూడు సార్లు అయిపోతుంది. ఎదిగేకొద్దీ డప్పు నెమ్మదించి, కనక వయసుకు డెబ్భై, ఎనభై దగ్గర కుదురుకుంటుంది. ముసలితనంలో కూర్చున్నప్పటి దెబ్బ పెద్దగా మారదు కానీ, కొండెక్కితే వయసులోలా పరుగెత్తలేదు, ఎక్కాక వెంటనే సర్దుకోనూ లేదు. రక్తనాళాలు బిరుసెక్కి బీపీ పెరుగుతుంది. ఒళ్లు మాత్రం చల్లబడుతుంది. ఈ ఆఖరి సంగతి ఆ ఊరికి తెలియదు.

ఊరికి తెలిసింది వేరు. ముసలివాళ్ల డప్పు ఉన్నట్టుండి జోరందుకుంటే 'ఈడు తిరిగింది' అంటారు. పోయిన వయసు మళ్లీ వచ్చిందని కోళ్లు కోసి, జీలుగు కల్లు దించి, ఆ మనిషిని ముందు నిలబెట్టి థింసా ఆడతారు. చాలా అరుదుగా వచ్చే పండగ.

కాఫీ పళ్లు కోసే రోజుల్లో ఒక ఉదయం సోంబరు డప్పు జోరందుకుంది.

"ఓలే కనకా, ఇన్నావా? మీ తాత డప్పు!" చిన్నమ్మలు చీపురు పడేసింది. "నన్ను మనువాడినప్పుడు ఇలాగే మోగీది. సంతలో నా ఎనకాల తిరిగినప్పుడైతే మరీను."

మంచం మీంచి సోంబరు నవ్వాడు. "నీ ఎనకాల నానెక్కడ తిరిగినాను? నువ్వే నా అల్లం మోపుకి అడ్డమొచ్చినావు."

నవ్వుతుంటే దగ్గొచ్చింది. అంబలి ముట్టలేదు. సంబరంతో ఆకలి చచ్చిందనుకుంది చిన్నమ్మలు.

మధ్యాహ్నానికి పిల్లకు టీకా వేయడానికి నర్సు సత్యకుమారి వచ్చింది. వాకిట్లో కోళ్ల ఈకలు, కల్లు కుండలు చూసి, సంగతి విని, గబగబా లోపలికి వెళ్లింది. సోంబరు చంకలో థర్మామీటరు పెట్టి, పొట్ట కదలికను చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది.

"తొంభై ఎనిమిదిన్నర."

"అయితే జొరం లేదు కదేటి సిస్టరమ్మా!"

"నీకూ నాకూ అయితే లేదవ్వా. మొన్న క్యాంపులో తాత ఒళ్లు తొంభై ఆరే. ఆయనకి ఇదే జ్వరం. ముసలి ఒళ్లు తడికట్టెల పొయ్యి, లోపల ఎంత రగిలినా మంట పైకి రాదు. ఊపిరి చూడు, నిమిషానికి ఇరవై ఎనిమిది. పదహారో, పద్దెనిమిదో ఉండాలి. నెమ్ము చేరింది. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలి."

"ఇప్పుడా? ఊరంతా కోళ్లు కోసీసినారు. డప్పు ఇంటన్నావు కదా?"

"వింటన్నాను. అది ఈడు తిరిగి మోగట్లేదవ్వా, బెదిరి మోగుతోంది."

చిన్నమ్మలు ముఖం ఎర్రబడింది. "ఆ డప్పుతో కాపురం సేసింది నానా, నువ్వా?"

సత్యకుమారి సోంబరు వైపు తిరిగింది. ఆయన నర్సును చూడలేదు. జడలో బంతిపువ్వు పెట్టుకుని నిలబడ్డ భార్యను చూశాడు.

"రేపొత్తాన్లే సిస్టరమ్మా," అన్నాడు.

ఆ సాయంత్రం ఆడాడు. ఒక చేయి చిన్నమ్మలు నడుం చుట్టూ, ఒక చేయి కనక భుజం మీద. అడుగు తడబడినప్పుడల్లా ఊరు ఈల వేసింది. తెల్లారి జీపు కోసం మనిషి వెళ్లాడు. అది కొండెక్కి వచ్చేలోగా డప్పు ఒక దెబ్బ తప్పింది. తర్వాతి దెబ్బ కోసం వెతుక్కుంది. మరి మోగలేదు.

చిన్నమ్మలు ఏడవలేదు. "నానే ఆపినాను," అంది, వచ్చినవాళ్లందరితో. వాళ్లూ ఈల వేసినవాళ్లే.

చనిపోయినవాళ్ల డప్పు ఏడాది తిరిగేదాకా దించరు. సోంబరు డప్పు అలాగే ఉంది. దాని వైపు చూడకుండా ఆమె ఇల్లు ఊడ్చేది. అంబలి కలిపి కనకకు ఇచ్చేది, తాను తాగేది కాదు. చలి ముదిరాక దగ్గు పట్టుకుంది. ఒక రోజు తన డప్పు జోరందుకోవడం విని, గబుక్కున దించి, భర్త దుప్పటిలో చుట్టి సామల బుట్ట అడుగున కుక్కేసింది. తర్వాత గోడకు ఆనుకుని కూర్చుంది. ఇక ఎవరికీ వినబడదు. ఆయన పోయిన దారిన తానూ వెళ్లిపోవచ్చు.

వాకిట్లో ఎండలో పిల్లకు పాలిస్తున్న కనక తలెత్తింది. లోపల డప్పు మోగుతోంది, గబగబా. వచ్చి చూస్తే అది సోంబరుది.

కనక అవ్వ చేయి పట్టుకుంది. వెచ్చగా కూడా లేదు. అయినా ఆ చేతిని నమ్మలేదు. పక్కటెముకలు ఎగిసిపడటం చూసింది. ఊరు వినేలా అరిచింది. థింసా ఆడినవాళ్లే పరుగెత్తుకొచ్చి డోలీ కట్టారు.

"నన్నొగ్గీయండర్రా," అంది చిన్నమ్మలు. ఎవరూ వినలేదు. అప్పుడు చూరు వైపు చూసి, మొదటిసారి భోరుమంది. "నన్ను రానీవేటి, ముసిలోడా? ఒక్కదాన్నే ఉండమంటావేటి?"

డోలీ రోడ్డుకు, రోడ్డు మీంచి ఆసుపత్రికి. ఆమె బతికింది.

ఇంటికి వచ్చాక సామల బుట్టలోంచి తన డప్పు తీసి వేలాడదీసింది. అది మోగలేదు. ఆమె గుండె మాత్రం పక్కనే ఉన్న సోంబరు డప్పులో నిదానంగా మోగుతోంది. ఏడాది తిరిగినా దాన్నింక దించడానికి లేదు.

చిన్నమ్మలు దాని కింద పీట వాల్చుకుని చాలాసేపు కూర్చుంది. కనక అంబలి గిన్నె తెచ్చి చేతికిచ్చింది. కళ్లు తుడుచుకోకుండానే తాగింది.