మెత్తని డిస్కు

పెళ్లయి రెండు నెలలైనా, ప్రకాష్ పేరుతో పార్సిల్ వస్తే తనకే వచ్చినంత సంబరం రేణుకకు. అతను ఆదోనిలో ఒక బడిలో ఆటల మాస్టారు. శుక్రవారం పొద్దున వచ్చిన పెట్టెలో మూడు డిస్కులున్నాయి. గొలుసుల బుట్టలో పడేలా దూరం నుంచి విసిరే డిస్క్ గోల్ఫ్ డ్రైవర్లు అవి, ఒక్కోటి నూట యాభై గ్రాములే. ఒకటి గాజులా మెరుస్తోంది, ఒకటి గరుకుగా ఉంది, ఇంకొకటి రబ్బరంత మెత్తన. భుజం నొప్పి పట్టుకున్నప్పటి నుంచి ప్రకాష్ బరువైనవి విసరలేకపోతున్నాడు. ఆదివారం కర్నూలులో జట్టు ఎంపిక. వీటిలో ఒక్కటైనా చేతికి కుదిరితేనే పోతాడు.

అతను బడికి పోగానే రేణుక మూడింటినీ కడిగి పసుపు కుంకుమ పెట్టింది. ఎమ్మిగనూరులో వాళ్ల నాన్న పోగు అటూ ఇటూ నడిపే కొత్త నాడెకైనా బొట్టు పెట్టనిదే మగ్గం మీదికి రానివ్వడు. ఆరడానికని మిద్దె మీద నాపరాళ్లపై పిట్టగోడకు ఆనించి వచ్చి, వంటలో పడి మరిచిపోయింది. మధ్యాహ్నం మూడు గంటలకు గుర్తొచ్చి పరుగెత్తింది.

సాయంత్రం పత్తి పీకేసిన చేనులో విసిరి చూశారు. బొట్లు చూసి ప్రకాష్ నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మెరిసేది చెమట చేతిలో జారిపోయింది. గరుకుది బాగానే పోయింది కానీ, అంత బలంగా విసిరినందుకు అతను పళ్లు బిగబట్టి భుజం పట్టుకున్నాడు. అతని ఆశంతా మెత్తనిదాని మీదే. అది పట్టుమని ఇరవై గజాలైనా పోకుండానే గాలిలో గిజగిజలాడి కూలింది. మళ్లీ విసిరాడు, మళ్లీ అంతే.

"నా సెయ్యి పనైపోయింది రేణుకా. రాలేనని ఫోన్ చేసి చెప్పేస్తా," అంటూ జేబులోంచి ఫోన్ తీశాడు.

ఆమె పరుగున పోయింది. డిస్కు తెచ్చి గట్టు మీది చదును రాతిపై పెట్టింది. వంకర మూతలా అది టకటక ఊగింది.

"సేతిది కాదు తప్పు. నేనే మిద్దె మీద ఎండకు పెట్టి మరిచిపోయినాను."

ప్రకాష్ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు. ఫోన్ మాత్రం జేబులోకి పోయింది. "మరి ముందే చెప్పకపోతివే," అన్నాడు మెల్లగా.

ఇంటికి రాగానే ఆమె నీళ్లు కాచి డిస్కును ముంచి, మెత్తబడ్డాక రెండు నాపరాళ్ల మధ్య పెట్టి, పైన బరువుకు సన్నెకల్లు ఉంచింది. బొట్టు కరిగి నీళ్లు పసుపెక్కాయి.

తెల్లవారాక అదే చేను. డిస్కు ఊగకుండా, తిన్నగా పోయింది. అరవై గజాలు ఉంటుందేమో. నొప్పి లేనప్పుడు ఇంకో ముప్పై గజాలు దాటించేవాడని ఇద్దరికీ తెలుసు. డిస్కు తేడా ఎంతో, చేతి తేడా ఎంతో ఇప్పుడు తేలిపోయింది.

రేణుక పోయి డిస్కు ఏరుకొచ్చింది. ప్రకాష్ ఎడమచేత్తో భుజం నొక్కుకుంటూ, రేపు ఆరింటి బస్సుకు పోదామన్నాడు. ఆమె డిస్కును కొంగుతో తుడిచి, దారిపొడుగునా కొంగు నీడలోనే పట్టుకుని నడిచింది.