మొలతాడు మీది చిమటా

నేను ఒక చిమటాను. పొయ్యి మీది వేడి గిన్నె దించే పెద్ద పట్టకారును కాదు, చూపుడు వేలంత ఉంటాను. ముళ్లు తీయడం నా పని. ఒకసారి నాది కాని పనికి పోయి భంగపడ్డాను. ఆ సంగతే చెబుతాను.

పుట్టకముందు నేను రంపం ముక్కను. వడ్లాయన చేతిలో విరిగి, కమ్మరి వీరాచారి కొలిమి పక్కన బూడిదలో పడి ఉన్నాను. ఒకరోజు గొర్ల బీరయ్య వచ్చి నిలబడ్డాడు. అప్పటికింకా మీసం పూర్తిగా రాలేదు.

"ముల్లు చిమటా కావాలె" అన్నాడు.

"ఎంత పొడుగు?"

బీరయ్య వేలు చూపించాడు.

"ఎసొంటిది?"

బీరయ్య మళ్లీ అదే వేలు చూపించాడు.

"నోట్లె ముత్యాలున్నయా ఏంది, తెరిస్తె రాల్తయని మూసుకున్నవ్?" అని వీరాచారి నన్ను నిప్పుల్లోకి తోశాడు. కాల్చాడు, కొట్టాడు, నడుమ వంచాడు, ఆకురాయితో కొనలు అరగదీశాడు. రెండు కొనలూ కలిశాయో లేదో చూద్దామని తన ముంజేతి మీది వెంట్రుక ఒకటి పట్టి లాగాడు. "అబ్బా" అని నవ్వాడు. "వెంట్రుకనే పట్టింది. ఇగ ముల్లు యాడికి పోతది" అన్నాడు.

అంటే నా బతుకులో నేను పట్టిన మొట్టమొదటిది వెంట్రుకే. ఆ సంగతి అప్పుడే మరిచిపోయాను.

బీరయ్య నన్ను మొలతాడుకు కట్టుకున్నాడు. అక్కడ నాకంటే ముందే ఒక సూది, చెవిలో గుబిలి తీసే పుల్ల ఒకటి ఉన్నాయి. సూది ముల్లు చుట్టూ తవ్వేది, నేను లాగేదాన్ని, గుబిలి పుల్ల మా ఇద్దరినీ చూస్తూ ఊగేది. మంద వెంట గుట్టలన్నీ తిరిగాం. తుమ్మముల్లు, రేగుముల్లు, పల్లేరుకాయ, ఎన్ని తీశానో. గొర్రెల గిట్టల్లోవి తీశాను, మనుషుల కాళ్లల్లోవి తీశాను. గొర్రె కదలకుండా నిలబడుతుంది. మనిషి నన్ను చూడగానే "మెల్లగ, మెల్లగ" అంటాడు. గుచ్చుకున్నప్పుడు అరవనివాడు కూడా తీసేటప్పుడు అరుస్తాడు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. ఓట్లడగడానికి వచ్చిన ఒక పెద్దమనిషి ఫొటో కోసం చెప్పులు విడిచి చెలకలోకి దిగాడు. దిగినంత సేపు పట్టలేదు, బీరయ్య ముందర కూర్చుని కాలు చాపాడు. ఆయన కూడా "మెల్లగ" అనే అన్నాడు. ముల్లు తీశాక మాత్రం ఎవరైనా లేచి నడుస్తారు, వెనక్కి చూడరు. నా గర్వమంతా అదే. తీసిన ముల్లు మళ్లీ రాదు.

ఏళ్లు గడిచి బీరయ్యకు మోకాళ్లు పట్టేశాయి. మందను అమ్మేశారు. ఊళ్లో అందరి కాళ్లకూ చెప్పులొచ్చాయి, దారులు సిమెంటువయ్యాయి. నా ఒంటి మీద సన్నగా తుప్పు పూసింది. ముసలాయన వాకిట్లో మంచం వేసుకుని కూర్చునేవాడు. నేను ఆయన నడుము మీద ఊరికే ఉండేదాన్ని.

ఆ ఇంట్లో ఆయన కాక ఇద్దరు ఆడవాళ్లు. కోడలు అండాలు, ఆమె బిడ్డ నవనీత. కొడుకు లారీ తోలుతాడు, ఎప్పుడో గాని ఇల్లు చూడడు. నవనీత డిగ్రీ చదువు అయిపోయి, పట్నంలో బట్టల దుకాణంలో చీరలు చూపించే పనికి పోతుంది. ఒక పొద్దున బస్సుకు తయారై తాత దగ్గరికి వచ్చింది.

"తాతా, జర నీ చిమటా ఇయ్యవా. కాలుకు ముల్లిరిగింది."

బీరయ్య ఆమె కాళ్ల వైపు చూశాడు. మంద వెనక నడిచినవాడికి కుంటే కాలు ముందు కనిపిస్తుంది. నవనీత రెండు కాళ్ల మీదా తిన్నగా నిలబడి ఉంది. ఆయన నన్ను విప్పి చేతిలో పెట్టాడు.

నవనీత నన్ను ఇంటి వెనక తానాల గదికి తీసుకుపోయింది. గోడ మీద చిన్న అద్దం పెట్టింది. ముఖం మీది మాస్కు తీసింది. కరోనా పోయి అందరూ మాస్కులు అవతల పారేసినా ఈ పిల్ల ఒక్కతే ఎందుకు విడవలేదో నాకప్పుడు అర్థమైంది. గదువ మీద, దవడ కింద వెంట్రుకలు. నూగు కాదు. నల్లగా, మోటుగా, మగపిల్లాడికి మొదట వచ్చే గడ్డంలా ఉన్నాయి. వాటి మధ్య మొటిమలు.

నేను పట్టాను, ఆమె లాగింది. ఒకటి, ఇంకొకటి. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆమె "మెల్లగ" అనలేదు. అలా అననివాళ్లను నేను గొర్రెల్లోనే చూశాను. అయిపోయాక గదువను చేత్తో నిమురుకుని అద్దంలో నవ్వుకుంది. ఒక ముల్లు తీసినంత గర్వం నాకూ కలిగింది.

ఆ వారమే మళ్లీ వచ్చింది. "తాతా, ముల్లు."

తర్వాత ఇక రోజూ ముల్లే. దుకాణంలో తోటిపిల్లలు "ఇంకా కరోనా పోలేదా నవనీతా?" అని నవ్వేవారట. "నా కోసం ఒక్కటి మిగిలిందక్కా" అనేదట. ఇంట్లో తల్లి గొడవ వేరు. నవనీత మెడ చుట్టూ నల్లటి పట్టీలా మచ్చ పడింది. అండాలు వెనక నుంచి శనగపిండి పెట్టి చర్మం మండేలా రుద్దేది. నవనీత ఇంట్లో కూడా ముఖం మీది గుడ్డ విప్పేది కాదు.

"మెడ జూడు, పొయ్యి మీది కుండ అడుగు లెక్కున్నది. మంచిగ తానం జెయ్యవా? ఒళ్లు గూడ జూడు, ఎట్ల ఊరుతున్నవో. దుకాణంల కూసోబెట్టి మేపుతున్రా?"

"కూసోనిస్తె గద అమ్మా! పొద్దుందాక నిలబెడ్తున్రు."

ఈ పిల్లకు కావలసింది పెద్దదేం కాదు. ముఖం మీద గుడ్డ లేకుండా బస్సెక్కాలి. అంతే. ఆ పని నా వల్ల కాలేదు. పొద్దున తీస్తే రెండు రోజులకు మళ్లీ మొలిచేవి. పీకిన చోట పుండ్లయ్యేవి. ముల్లు బయటి నుంచి వచ్చి గుచ్చుకుంటుంది. ఇది లోపలి నుంచి వస్తోంది. లోపల ఏముందో ఇనుప ముక్కకేం తెలుస్తుంది? ఒకరోజు నవనీత అద్దంలో చూసుకుంటూ చూసుకుంటూ నన్ను గోడకేసి కొట్టింది. నా కొన ఒకటి వంగింది. ఆమె మాస్కు పెట్టుకుని బస్సుకు పోయింది.

బీరయ్య నీళ్లు పోసుకోవడానికి వచ్చి నన్ను చూశాడు. వంగలేక వంగి తీసుకున్నాడు. వెలుగుకు పట్టి చూశాడు. నా కొనల మధ్య ఒక పొట్టి నల్ల వెంట్రుక ఇరుక్కుని ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను మొలతాడుకు కట్టుకున్నాడు.

ఆ ఆదివారం అండాలు గూడు సర్దుతుంటే, బిడ్డకు తాను ఎప్పుడో కొనిపెట్టిన నెలసరి ప్యాకెట్టు కనిపించింది. పెట్టింది పెట్టినట్టే ఉంది, విప్పలేదు.

నెల తప్పడమంటే మనుషులకు ఒకటే అర్థం. పెళ్లయిన ఇంట్లో ఆ మాటకు నోరు తీపి చేసుకుంటారు. పెళ్లికాని పిల్ల ఉన్న ఇంట్లో తలుపు మూస్తారు. నెల ఊరికే కూడా తప్పుతుందని ఎవరికీ తోచదు. అండాలు తలుపు మూసింది.

"ఎవడు వాడు?" గొంతు తగ్గించి అడిగింది.

"ఎవడేందమ్మా?"

"ఏం తెల్వనట్టు అడుగకు. నెల తప్పి ఎన్నాళ్లాయె? ఒళ్లు గందుకేనా ఊరింది? మొకం గందుకేనా దాస్తున్నవ్?"

"అమ్మా, నీ మీద ఒట్టు, ఎవడు లేడు. నాకు ఎప్పటి నుంచో సక్కగ వస్తలేదు. చెప్తె ఏమంటవోనని..."

"మీ నాయినకు ఏమని చెప్పాలె నేను!"

నవనీత ఏడుపు వాకిట్లోకి వినిపించింది. బీరయ్య మంచం మీంచి లేచాడు. తలుపు తట్టాడు.

"అండాలూ, తియ్యి."

తీసింది. ఆయన నన్ను విప్పి ఆమె ముందర పట్టుకున్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు.

"పొల్ల దీన్ని రోజు తీస్కపోతున్నది, కాలుకు ముల్లని. కాళ్లు నేను జూసిన. ముల్లు లేదు. గుడ్డ తీసి గదువ జూడు. ఇది ఎవడో జేసిన పని గాదు, ఏదో రోగం. దవాఖానకు తోలుకపో."

"నలుగురు జూస్తె ఏమనుకుంటరు మామా? పెండ్లిగాని పొల్లను ఆడోళ్ల డాక్టరమ్మ కాడికి..."

"నేనొస్త" అన్నాడు బీరయ్య. మాటలు అయిపోయాయి.

అండాలు బిడ్డ ముఖం మీది గుడ్డను తనే తీసింది. ఆ పుండ్లు చూసి, తల్లి కదా, కిందికి జారి కూర్చుంది.

పట్నం సర్కారు దవాఖానకు ముగ్గురూ పోయారు. డాక్టరమ్మకు చూపించమని బీరయ్య ఇస్తే, నేను నవనీత పిడికిలిలో ఉన్నాను. అక్కడ రక్తం తీశారు, పొట్ట మీద చల్లటి జిగురు రాసి టీవీలో చూశారు. కాగితాలన్నీ వచ్చాక డాక్టరమ్మ లోపలికి పిలిచింది. బీరయ్య తలుపు దగ్గర నిలబడ్డాడు. డాక్టరమ్మ నవనీత గదువ చూసి, "దేంతోటి పీకుతున్నవు?" అంది. నవనీత పిడికిలి విప్పింది. డాక్టరమ్మ నన్ను రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇది ముళ్లకు బిడ్డా, మొకానికి గాదు. తుప్పు జూడు" అని బల్ల మీద పెట్టింది. నాకు కోపం రాలేదు. నిజమే చెప్పింది.

తర్వాత అండాలు వైపు తిరిగింది. "భయపడకమ్మా. దీన్ని పీసీఓఎస్ అంటరు. చాలమంది ఆడపిల్లలకు ఉంటది. ఈమె చేసిన తప్పు ఏం లేదు. అసలు తిప్పలంతా అండాలతోనే. అండాలు సక్కగ ఎదుగుతలేవు. నెలనెలా బయటికి రావాలె, వస్తలేవు."

అండాలు బిత్తరపోయింది.

"నేనా మేడం? ఈ వయసుల నేనింకేం ఎదగాలె? నెలనెలా ఏంది, రోజు కూలికి బయటికి వస్తనే ఉన్న! ఎవలు జెప్పిన్రు మీకు?"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. నవనీత కష్టం మీద అంది: "మా అమ్మ పేరు అండాలు మేడం."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి బల్ల మీద నా పక్కన పెట్టింది. నవ్వు ఆపుకోలేక అవతలికి తిరిగింది. నవనీత ఎన్ని నెలలకో గట్టిగా నవ్వింది. తలుపు దగ్గర బీరయ్య మీసం కూడా కదిలింది. అండాలు ఒక్కతే నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ మళ్లీ మొదటి నుంచి చెప్పింది. లోపల గుడ్లు ఎదగక చిన్నచిన్న నీటి బుడగల్లా ఉండిపోతాయట. మగవాళ్లలో ఎక్కువ ఉండేది ఒకటి ఈమె ఒంట్లో ఎక్కువైందట. వెంట్రుకలకూ మొటిమలకూ అదే కారణమట. మెడ నలుపు మురికి కాదట, రుద్దవద్దంది. నెల రావడానికి గోలీలు రాసింది. రోజూ నడవమంది, తిండి మార్చమంది. "ఇది ఒక్కసారికి పోయేది గాదు, అదుపుల పెట్టుకునేది. వెంట్రుకలు తగ్గనీకి నెలలు పడ్తయి. గోలీలు నడుమల ఆపకు" అంది.

"పెండ్లి, పిల్లలు..." అని అండాలు నీళ్లు నమిలింది.

"అయితరమ్మా. మందులున్నయి. అది అప్పటి ముచ్చట. ముందుగాల పొల్ల మంచిగుండాలె."

బీరయ్య నన్ను మళ్లీ మొలతాడుకు కట్టుకున్నాడు. బస్సు కోసం నిలబడ్డప్పుడు అండాలు బిడ్డ వైపు చూడకుండా అంది: "ఆమె ఏ అండాలును అన్నదో గని, తిప్పలు అండాలుతోనే. నీ మొకం జూడకముందే తలుపు మూసిన."

నవనీత తల్లి భుజం మీద గదువ ఆనించింది. "గందుకే అమ్మా, నువ్వు సక్కగ ఎదుగుతలేవు."

"థూ, నీ..." అని అండాలు నవ్వింది, ఏడ్చింది.

నెల వెంటనే రాలేదు. వచ్చిన రోజు అండాలు వాకిట్లోకి ఉరికి వచ్చింది. "మామా, వచ్చింది!"

"ఎవలు?" అన్నాడు బీరయ్య.

అండాలు నాలుక కరుచుకుని లోపలికి పోయింది. బీరయ్యకు కాసేపటికి అర్థమైంది. అటుగా పోతున్న మబ్బును చూస్తూ కూర్చున్నాడు.

వెంట్రుకలు పూర్తిగా పోలేదు. మునుపటంత తొందరగా రావడం లేదు, సన్నబడ్డాయి. పుండ్లు మానాయి. దుకాణానికి మాస్కు ఒకరోజు పెట్టుకునేది, ఒకరోజు మరిచిపోయేది. మరిచిపోయిన రోజులు ఎక్కువవుతూ వచ్చాయి. పొద్దున్నే నడవడానికి పాత గొర్ల బాటను పట్టుకుంది. బీరయ్య కర్ర పట్టుకుని గుట్ట మొదలు దాకా వెంట పోయి, రాయి మీద కూర్చునేవాడు. అక్కడే ఒకరోజు నా వంగిన కొనను రాయి మీద పెట్టి, ఇంకో రాయితో మెల్లగా తట్టి తిన్నగా చేశాడు. వీరాచారి చేసినంత బాగా రాలేదు గాని, కొనలు కలిశాయి.

నిన్న పొద్దున నవనీత గుట్ట మీంచి ఒక కాలు ఎత్తి కుంటుతూ దిగింది. ముఖం మీద గుడ్డ లేదు. చెమట పట్టి ఎండకు మెరుస్తోంది. రాయి మీద కూర్చుని కాలు చాపింది. తుమ్మముల్లు చెప్పును దాటి లోపల విరిగింది.

"తాతా, ముల్లు."

బీరయ్య కాలు చూశాడు. ఆమె ముఖం చూశాడు. నన్ను విప్పాడు.

నేను పట్టాను. ఆయన లాగాడు.

"మెల్లగ తాతా!" అని అరిచింది నవనీత. అరిచి, లేచి, నడిచింది. వెనక్కి చూడలేదు.