చప్పటి నీళ్ల బిడ్డ

నేను ఒక ఎంజైమును. మనిషి ఎంజైమునే, కానీ మనిషి కడుపున పుట్టలేదు. మీ నెత్తుటిలో నా తోబుట్టువులు కోట్లాదిగా ఉన్నారు. ఒంట్లో తయారైన బొగ్గుపులుసు వాయువును నెత్తుటిలో కరిగించి, ఊపిరితిత్తుల దాకా చేర్చి, బయటికి పంపించే పనిలో వాళ్లది అందెవేసిన చెయ్యి. ఒక్కొక్కరూ క్షణానికి లక్షల సార్లు ఆ పని చేస్తారు. మీరు ఒక ఫైలు మీద సంతకానికి మూడు నెలలు తీసుకుంటారు, అది వేరే సంగతి.

నన్ను కన్నది ఒక బాక్టీరియా. గోదావరి ఒడ్డున ఒక యూనివర్సిటీ ప్రయోగశాలలో, నన్ను తయారుచేసే మనిషి జన్యువును దాని ఒంట్లో పెట్టారు. ఎవరి బిడ్డ అని అది అడగలేదు. గోధుమరంగు గంజిలో ఊగుతూ పెరిగి, నన్ను మోసి, చివరికి పగిలి నన్ను బయటపెట్టింది. అంత మంచి తల్లి మళ్లీ దొరకదు.

ఇదంతా చేయించింది ఎస్తేరు. పరిశోధన మొదలుపెట్టి ఐదేళ్లు కావస్తోంది. ఒక కంటి జబ్బుకు తయారైన కొత్త మందు నన్ను ఆపగలదా అన్నది ఆమె ప్రశ్న. ఆపాలంటే ముందు నేను పరుగెత్తాలి కదా! తొమ్మిది నెలల్లో పదకొండు సార్లు నన్ను పుట్టించింది. పదకొండు సార్లూ నేను మొద్దులా పడి ఉన్నాను.

నా తప్పేమీ లేదు. నా నడిబొడ్డున ఒక జింకు అణువు కూర్చోవాలి. అది లేకపోతే నేను ఉత్సవ విగ్రహాన్ని. ఈ సంగతి ఎస్తేరు తన పరిశోధన గ్రంథం మొదటి పేజీలోనే రాసుకుంది. అయితే ఆ జింకు ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ ఆలోచించలేదు. పూర్వం మేడమీద జింకు పూత పూసిన పాత ఇనుప ట్యాంకు ఉండేది. సీనియర్లు ఆ నీళ్లతోనే బాక్టీరియాకు గంజి కాచేవారు. జింకు ఊరికే వచ్చేది. ఎవరూ వెయ్యలేదు కాబట్టి నోటుపుస్తకంలో ఎవరూ రాయలేదు. నిరుడు నీళ్లలో లోహాలేవీ మిగలకుండా శుద్ధి చేసే యంత్రం వచ్చింది. ఎస్తేరు గైడు ప్రొఫెసర్ విశ్వపతి గారు దానికి బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ రోజు నుంచి నేను చవటనైపోయాను.

బుధవారం నాడు ఆయన ఎస్తేరును పిలిచారు.

"శుక్రవారం దాకా చూద్దామమ్మా. అప్పటికీ కదలకపోతే టాపిక్ మార్చేద్దాం."

అంటే ఐదేళ్లూ గోదాట్లో కలిసినట్టే. ఎస్తేరు తల ఊపి వచ్చి సింకు పక్కన కూలబడింది. నాకు జాలేసింది. చెబుదామంటే నాకు నోరేది?

సింకు దగ్గర గాజుసామాను కడుగుతున్న మంగాయమ్మ కొళాయి కట్టేసింది. ఆవిడకు ఊళ్లో ఎకరన్నర కౌలు చేను కూడా ఉంది.

"ఏంటమ్మా, అన్నం కూడా తిన్లేదంట?"

"పుడుతున్నాయండీ, పని చెయ్యట్లేదు. చూట్టానికి అన్నీ బానే ఉన్నాయి."

"మా చేనూ అంతేనమ్మా. కిందటేడు నాట్లేశాక ఎదుగూ బొదుగూ లేదు. ఆకుల మీద తుప్పు మచ్చలు. జింకు కొట్టమన్నారు. కొట్టాక పది రోజుల్లో తేరుకుంది. నీ దానికీ తిండి సరిపోట్లేదేమో చూడు తల్లీ. ఆ మిషను నీళ్లు నోట్లో పోసుకున్నాను, వట్టి చప్పగా ఏడిశాయి. ట్యాంకు నీళ్లకి ఓ రుచుండేది."

ఎస్తేరు అరచేత్తో ఠపీమని నుదురు కొట్టుకుని, మందుల బీరువా వైపు పరుగెత్తింది. జింకు సల్ఫేటు ఆవగింజంత తీసి కరిగించి, అందులోంచి ఒక బొట్టు నాలో కలిపింది. అబ్బ, ఆ అణువు వచ్చి నా నడుమ కూర్చున్నప్పుడు ఎంత హాయిగా ఉందో! తొమ్మిది నెలల ఆకలి మరి.

శుక్రవారం విశ్వపతి గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. గొట్టంలో నీలిరంగు ద్రవం; బొగ్గుపులుసు వాయువు నీళ్లతో కలిసి ఆమ్లమైతే అది పసుపురంగుకు తిరుగుతుంది. అందులో నన్నొక చుక్క వేసి, ఎస్తేరు చల్లటి సోడా నీళ్లు పోసింది. నేను లేకుండా అది పసుపవ్వాలంటే నిమిషం పైనే పడుతుంది. నేను రెప్పపాటులో పసుపు చేసి చూపించాను.

"మళ్లీ చెయ్యమ్మా," అన్నారాయన. చేసింది. మళ్లీ పసుపు. మూడోసారికి ఎస్తేరు వలవలా ఏడ్చేసింది.

"రంగు మారితే ఏడుస్తారేంటమ్మా!" అంది గుమ్మంలోంచి మంగాయమ్మ.

ఎస్తేరు కళ్లు తుడుచుకుని సంగతంతా చెప్పింది, ఎవరి మాట వల్ల తట్టిందో కూడా చెప్పింది. విశ్వపతి గారు యంత్రం వైపు తిరిగారు.

"అయితే మన మిషను బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట," అన్నారు. పెద్దవాళ్లు ఓటమిని ఇలాగే ఒప్పుకుంటారు. ఆ తర్వాత మంగాయమ్మకు నమస్కారం పెట్టారు. ఎస్తేరుతో, "టాపిక్ ఇదేనమ్మా, కానీయ్," అన్నారు.

వాడిన గొట్టాలను బ్లీచింగ్ నీళ్లలో పారబొయ్యడం రూలు. అందులో పడితే ఎంజైమన్నది మిగలదు. ఎస్తేరు పసుపు గొట్టాన్ని కాసేపు చేతిలోనే పట్టుకుని, నన్ను వంచుతూ, ఎవరికీ వినబడకుండా "వెళ్లిరా," అంది.

ఫ్రీజరులో నా తల్లి తాలూకు సంతతి గడ్డకట్టి ఎదురుచూస్తోంది. సోమవారం మళ్లీ గంజి కాస్తారట, ఈసారి జింకు వేసి.

వస్తాను.